పాము చావకుండా, కర్ర ఎత్తకుండా

పెరటి కొలనులో పాము కనిపిస్తే ఏం చేయాలి? ఉద్దానం తోటల నుంచి కొన్ని సంగతులు

కొలను తవ్విన ఏడాదే కప్పలు వస్తాయి. వాటిని ఎవరూ పిలవక్కర్లేదు, నాలుగు వానలు పడితే చాలు. కప్పల వెనకాల పాము వస్తుంది. పాము వెనకాల కర్ర పట్టుకుని మనం వస్తాం. పెరట్లో కాసిని నీళ్లు నిలబెట్టి, రెండు కలువ దుంపలు నాటి, దోమలు పెరగకుండా గుప్పెడు గప్పీ చేపలు వదిలినవాళ్లు ఏదో ఒక రోజు ఈ వరస చూడక తప్పదు. అందులోనూ ఉద్దానంలో.

కాశీబుగ్గ, పలాస నుంచి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి దాకా ఊళ్లకు ఊళ్లు కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడలోనే ఉంటాయి. ఇక్కడ పెరడంటే ప్రహరీ లోపల నాలుగు పూలకుండీలు కాదు. పెరడు దాటితే తోట, తోట దాటితే గెడ్డ, అదీ దాటితే ఇసుక దిబ్బలు, సముద్రం. పడమటి వైపు చూస్తే మహేంద్రగిరి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి జనం మీద పడిన సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అడవి ఇంత దగ్గరున్న చోట ఏడాది పొడుగునా నీళ్లు నిలబెట్టి, పాము మాత్రం రాకూడదంటే కుదిరే పని కాదు. అసలు అడగాల్సింది వేరు: వచ్చింది ఏ పాము? ఎక్కడుంది?

ఎందుకంటే మన భయం ఎప్పుడూ తప్పు చోట కాపలా కాస్తుంది. నీళ్లలో తల ఎత్తి కనిపించేది సాధారణంగా ప్రాణానికి ముప్పు లేని పాము. ప్రాణం తీసేవి గట్టు మీద ఉంటాయి. కొబ్బరి డొక్కల కుప్ప కింద, కట్టెల మోపు వెనక, పొద్దుగూకాక. నీటిపామును కొట్టడానికి కర్ర కావాలని ఆ మోపులోకే చెయ్యి పెడతాం.

నీళ్లలో ఉన్నది

పెరటి కొలనులో ఎక్కువగా కనిపించేది నీరుకట్టె. నీటిపాము అన్నా అదే. లేత పసుపో, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగో ఉన్న ఒంటి మీద నల్లటి గళ్లుంటాయి. ఆ గళ్ల రంగు ఒక్కో పాములో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి వాటిని నమ్ముకోవద్దు. కంటిని చూడండి. కంటి కింద ఒకటి, కంటి వెనక ఒకటి, రెండు నల్లటి గీతలు నోటి వైపు ఏటవాలుగా దిగి ఉంటాయి. దీని గుర్తు అదే. కలువాకు చాటున ఒళ్లంతా ముంచి, ముక్కూ కళ్లూ మాత్రం నీటి పైన పెట్టి, చేప దగ్గరికి వచ్చేదాకా కదలదు. కప్ప దొరికితే చాలాసార్లు వెనక కాలు పట్టుకుంటుంది. చంపడానికి విషం లేదు, చుట్టి పిసికే అలవాటూ లేదు, అందుకని బతికుండగానే మెల్లగా లోపలికి లాగుతుంది. అప్పుడు కప్ప పెట్టే అరుపు పల్లెలో పుట్టినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సన్నగా, సాగదీసినట్టు, ఆగి ఆగి వినిపిస్తుంది. ముసలమ్మలు కూర్చున్న చోటు నుంచి లేవకుండానే ‘పాము నోట పడింది’ అని చెప్పేస్తారు.

ఈ పాముకు చావు తెచ్చిపెట్టేది దాని వేషమే. బెదిరిందంటే తల ఎత్తి, మెడ వెడల్పు చేసి పడగ విప్పినట్టు నిలబడుతుంది. నాగుపామని భ్రమపడి జనం చితక్కొడతారు. పైగా దీనికి కోపం ఎక్కువ. చేత్తో పట్టుకోబోతే తప్పకుండా కరుస్తుంది, పళ్లు సూదుల్లాంటివి కాబట్టి రక్తమూ కారుతుంది. విషం మాత్రం లేదు. సబ్బు నీళ్లతో కడిగి, ధనుర్వాతం సూది వేయించుకుంటే సరిపోతుంది. అయితే కరిచింది నీరుకట్టెనే అని కచ్చితంగా తెలిస్తేనే ఈ మాట. అనుమానం ఏ కాస్త ఉన్నా ఆసుపత్రికే.

నీళ్లు తాగడానికి, ఎలుకల వేటలో గట్టు దాటడానికి వచ్చేది జెర్రిపోతు. ఆరేడు అడుగుల పొడుగు చూసి గుండె ఆగినంత పనవుతుంది కానీ దానికీ విషం లేదు. పెరట్లో ఎలుకల్ని తినిపెట్టే జీవుల్లో దీన్ని మించింది లేదు. నాగుపాము, జెర్రిపోతు పెనవేసుకుంటాయన్న నమ్మకం మనకు పాతదే. ఇప్పుడు టీవీ వాళ్లు దానికి ‘పాముల సయ్యాట’ అని పేరు పెట్టి పాట కూడా జత చేస్తున్నారు. అలా నిలువుగా లేచి పెనుగులాడేవి చాలామటుకు రెండు మగ జెర్రిపోతులు. అది ఆడదాని కోసం బలాబలాలు తేల్చుకునే కుస్తీ. సయ్యాట కాదు.

నౌపడ ఉప్పుమడుల వైపు, ఉప్పుటేళ్ల పక్కన ఇల్లున్నవాళ్లకు మరో రకం నీటిపాము కనిపించవచ్చు. మూతి కుక్క మూతిని తలపిస్తుంది, బురదలో చేపలు పట్టుకు తింటుంది. దానికున్న కొద్దిపాటి విషం మనిషిని ఏమీ చేయదు. సముద్రపు పాముల సంగతి వేరు. అవి నిజంగా విషపూరితమైనవి, వలలో చేపలతో కలిసి వస్తాయి. వాటితో జాగ్రత్తగా ఉండాల్సింది గంగపుత్రులే, పెరటి కొలనుకూ వాటికీ సంబంధం లేదు.

గట్టు మీద ఉన్నది

నాగుపాముకు కప్పలూ ఎలుకలూ ఇష్టం. కోడిగుడ్డు దొరికినా వదలదు. కొలను దగ్గర రాత్రంతా లైటు వెలుగుతుంటే పురుగులు చేరతాయి, పురుగుల కోసం గోదురుకప్పలు చేరతాయి, గోదురుకప్పల కోసం నాగుపాము వస్తుంది. అందం కోసం పెట్టిన దీపం చేసే పని ఇది.

రక్తపింజర నీటి మనిషి కాదు. దానికి కావాల్సింది ఎలుకలు, దాక్కోవడానికి ఎండుటాకులు. జీడితోటలో రాలిన ఆకు ఎంత మందాన ఉంటుందో ఉద్దానం వాళ్లకు తెలుసు. ఆ ఆకుల రంగులో ఇది కలిసిపోతుంది. జీడిపిక్కలు ఏరేటప్పుడు, డొక్కలు తీసేటప్పుడు చెయ్యి పడేది దాని పక్కనే. అదృష్టం కొద్దీ ముందు హెచ్చరిస్తుంది. ప్రెషర్ కుక్కర్ నుంచి ఆవిరి తన్నుకొచ్చినట్టు బుస కొడుతుంది. ఆ చప్పుడు వింటే ఎక్కడివాళ్లక్కడ ఆగి, వచ్చిన దారినే వెనక్కి అడుగు వేయాలి. చూద్దామని వంగకూడదు.

అన్నిటికంటే మోసకారి కట్లపాము. పగలు ఎక్కడుందో తెలియదు, రాత్రి తిరుగుతుంది. చిన్న పాముల్నీ ఎలుకల్నీ కప్పల్నీ తింటుంది కాబట్టి నీటి పక్కన తిరగడం దానికి అలవాటు. నిగనిగలాడే నల్లటి ఒంటి మీద సన్నటి తెల్లని పట్టీలు, చాలాసార్లు జంటలు జంటలుగా, తల దగ్గర లేకుండా కాస్త కిందనుంచి మొదలై తోక దాకా ఉంటాయి. ఇదే పోలికతో విషం లేని పాము ఒకటి ఇళ్లలో గోడలెక్కుతూ కనిపిస్తుంది. దాని పట్టీలు మెడ దగ్గరే మొదలై తోక వైపు వెళ్లేకొద్దీ మాసిపోతాయి. ఈ తేడా చదవడానికి బాగానే ఉంటుంది, చీకట్లో టార్చి వెలుగులో దాన్ని నమ్ముకుని ఎవరూ సాహసం చేయొద్దు. కట్లపాము కాటు నొప్పి ఉండదు, వాపూ రాదు. నేల మీద పడుకున్నవాళ్లకు కరిచిన సంగతే తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, గొంతు పట్టేసిందంటారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. మంచం మీద పడుకుని దోమతెర పరుపు కిందికి దోపుకోవడం దీనికి ఉన్న మందుల్లో పెద్దది, చవకది.

మన తీరంలో కనిపించే చుట్టం ఇంకొకటి ఉంది, పసుపు, నలుపు పట్టీల కట్లపాము. నీటి పక్కనే ఉంటుంది, ఎక్కువగా ఇతర పాముల్నే తింటుంది. నీరుకట్టెలున్న కొలను దీనికి భోజనశాల. పగలు కదిలిస్తే కరవకుండా తలను చుట్టల కింద దాచుకుంటుంది. అందుకే పిల్లలు దానితో ఆడుకునే ప్రమాదం ఎక్కువ. దీని విషం మీద మన దేశంలో దొరికే విరుగుడును నేరుగా తయారు చేయలేదు. ఆ విరుగుడు నాలుగు పాములను లెక్కలో పెట్టుకుని చేసింది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.

ఈ పాముల్లో చాలావాటిని పుస్తకానికి ఎక్కించినవాడు మన పక్కనే ఉండేవాడు. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ అతన్ని 1785లో ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. విషమున్నదేదో లేనిదేదో జనానికి తెలిస్తే సగం భయం పోతుందని అతని ఆలోచన. ఊళ్ల వాళ్ల చేత పాములు తెప్పించుకుని, వాళ్లు చెప్పిన తెలుగు పేర్లు అలాగే రాసుకుని, రంగుల బొమ్మలు వేయించి 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం అచ్చు వేయించాడు. అందులో మన నీటిపామూ ఉంది, కట్లపామూ ఉంది. రక్తపింజరను అప్పటి విశాఖ ప్రాంతం వాళ్లు కాటుకరేకుల పొడ అనేవారట. ప్రపంచం మాత్రం ఇప్పుడు దాన్ని రస్సెల్ పేరుతోనే పిలుస్తోంది. పసుపు, నలుపు పట్టీల కట్లపాము అతనికి గంజాం తీరంలోని మన్సూర్‌కోట నుంచి వచ్చింది. అంటే ఇచ్ఛాపురం దాటితే ఎంతో దూరం లేని గోపాల్‌పూర్ దిక్కు. రెండు వందల ఏళ్ల కిందట ఒక పరాయి దేశం వాడు మన పెద్దల్ని అడిగి నేర్చుకున్న విద్య ఇది. ఆ పెద్దల మనవల మనవలం సెల్‌ఫోన్లో ఫొటో తీసి ‘ఇదేం పామో చెప్పండి’ అని అడుగుతున్నాం.

గిరినాగు మాట కూడా చెప్పుకోవాలి. మహేంద్రగిరి అడుగున ఉన్న మండలాల తోటల్లోకి అది అప్పుడప్పుడూ దిగి వార్తలకెక్కుతుంటుంది. పన్నెండు అడుగుల పామును చూస్తే ఎవరికైనా కాళ్లాడవు. అది తినేది ప్రధానంగా పాముల్నే. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము ప్రపంచంలో అదొక్కటే. విశాఖ కేంద్రంగా పనిచేసే తూర్పు కనుమల వన్యప్రాణి సంస్థ దీన్ని కాపాడమని ఊళ్లలో చెబుతూ తిరుగుతోంది. ఇలాంటి పాము కనబడితే దూరంగా నిలబడి అటవీశాఖకు ఫోను చేయడం తప్ప ఇంటివాళ్లు చేయాల్సిందేమీ లేదు.

కిడ్నీల గడ్డ మీద కాటు

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పన్నెండు లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. సగటున ఏడాదికి 58 వేలు. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం, పక్కనే ఉన్న ఒడిశా కూడా ఉంది. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

ఉద్దానానికి దీనిలో ఒక విడి లెక్క ఉంది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఆపైన మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. కాటు తిన్నవాళ్లలో కొందరికి డయాలసిస్ తప్పదు. కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బుతో రెండు దశాబ్దాలకు పైగా నలిగిపోతున్న ప్రాంతంలో ఆ దెబ్బ ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. చాలామందికి తమ కిడ్నీల పరిస్థితి అప్పటికింకా తెలిసి ఉండదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. రక్తపింజర కాటుకు గంట ఆలస్యం చేసినా మనిషి చివరికి అలాంటి చోట మిషను పక్కన తేలవచ్చు.

అందుకని కాటు పడితే నాటువైద్యం దగ్గర, పసరు దగ్గర, మంత్రం దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరం, గాజులు, మెట్టెలు, మొలతాడు తీసేయాలి, వాపు వస్తే అవి మాంసంలోకి దిగిపోతాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా 108లోనో, ఏ బండి దొరికితే ఆ బండిలోనో ఆసుపత్రికి చేర్చాలి. నొప్పి అని డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేయొద్దు. అవి రక్తస్రావాన్నీ పెంచుతాయి, కిడ్నీకీ చేటు. పామును చంపి సంచిలో వేసుకుని తీసుకెళ్లక్కర్లేదు. ఏ పామైనా మొదట ఇచ్చే విరుగుడు ఒక్కటే. రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే గడ్డకట్టిందో లేదో చూసి పింజర సంగతి డాక్టరు తేల్చుకుంటారు. పిల్లలకు విరుగుడు తగ్గించి ఇస్తారనుకుంటారు చాలామంది. పెద్దవాళ్లకు ఎంతో పిల్లలకూ అంతే. పాము చిన్నపిల్లని చూసి విషం తక్కువ వదలదు కదా.

గట్టు శుభ్రం

అంగట్లో పాములు రాకుండా మందులంటూ చాలా అమ్ముతారు. ఫినాయిల్, గంధకం, వెల్లుల్లి నీళ్లు, కలరా ఉండలు, కార్బాలిక్ యాసిడ్. ఈశ్వరి తీగ పెంచితే పాము రాదని ఇంకో మాట. ఇవేవీ నమ్మదగ్గవి కావు. వీటిలో కొన్ని కొలనులో పడితే చేపలు, కప్పలు చస్తాయి, పాము పక్కింటికి వెళ్లి మళ్లీ వస్తుంది.

పనిచేసేది విసుగు పుట్టించే పనే: గట్టు శుభ్రం. కొలను చుట్టూ నాలుగైదు అడుగులు గడ్డి లేకుండా, ఆకు నిలవకుండా ఊడ్చి ఉంచాలి. అక్కడ పాము ఉంటే కంటికి కనిపించాలి, అంతే. అంచుకు అందంగా పేర్చిన రాళ్ల సందుల్ని సిమెంటుతో పూడ్చేయాలి. ఆ సందులే కట్లపాముకు పగటి పడకగది. డొక్కలు, మట్టలు, కట్టెలు కొలనుకూ ఇంటికీ మధ్య అసలు ఉండకూడదు. పెరటి చివర, నేలకు అడుగున్నర ఎత్తులో బల్లలాగా కట్టి దాని మీద పేర్చుకోవాలి. ఆ కుప్పలోంచి ఏం తీయాలన్నా ముందు కర్రతో కదిపి, ఆ తర్వాతే చెయ్యి. కోళ్ల గూడు నేలకు ఎత్తుగా ఉండాలి, చిల్లులు చిన్నవిగా ఉండాలి. గింజలు కింద పోస్తే ఎలుకలు, ఎలుకలుంటే మిగతా కథ తెలిసిందే. కొలను నిండితే నీళ్లు పోయే గొట్టం, స్నానాల గది తూము, రెండిటికీ ఇనుప జాలీ బిగించాలి. కొలను దగ్గర లైటు అవసరమైనప్పుడే వేసుకుంటే మేలు. పొద్దుపోయాక నూతి దగ్గరికి వెళ్లినా, మరుగుదొడ్డికి వెళ్లినా టార్చి చేతిలో, చెప్పులు కాళ్లకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. పాత చేపల వలను కొలను చుట్టూ కంచెగా కట్టే అలవాటు మన తీరంలో ఉంది. వల ఊరికే దొరుకుతుంది, కోళ్లు దాటవు, బాగానే ఉంటుంది. కానీ పాము తల దూర్చి సగం దాకా వెళ్లాక ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. పొలుసులు వెనక్కి వంగి ఉండటం వల్ల లాగిన కొద్దీ నైలాను పోగు ఒంట్లోకి దిగుతుంది. ఎండలో రోజంతా గింజుకుని చస్తుంది. మరీ చెడ్డ సంగతి, అలా చిక్కుకున్నది నాగుపామైతే విడిపించబోయిన మనిషిని కరుస్తుంది. కంచె కావాలంటే సన్నటి కన్నుల ఇనుప జాలీ వేసి, కింది అంచును జానెడు లోతున నేలలో పాతాలి.

ఇంత చేసినా పాము కనిపిస్తే? నీళ్లలో ఉంటే వదిలేయాలి. కడుపు నిండాక అదే పోతుంది. గట్టు మీద ఉంటే రెండు మూడు బారల దూరం ఉండి, కుక్కనీ పిల్లల్నీ లోపలికి పంపి, అది ఎటు పోతుందో చూడాలి. ఇంట్లోకి దూరితే ఆ గది తలుపు వేసి, కింది సందులో గుడ్డ కుక్కి అటవీశాఖకు చెప్పాలి. వీడియోలు చూసి ఇనుప కొక్కెంతో పట్టబోయే కుర్రాళ్లను మాత్రం ఇంటి పెద్దలు ఆపాలి.

చట్టం మాట కూడా వినాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నీరుకట్టె, జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజర ఇప్పుడు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పెద్దపులి పక్కన. ఆ జాబితాలోని జీవిని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. పెరట్లో నీటిపామును కొట్టినందుకు జైలుకు వెళ్లినవాళ్లు నాకు తెలిసి లేరు. చట్టం ఉందన్న సంగతే పల్లెల్లో చాలామందికి తెలియదు.

మన తీరు కూడా విచిత్రమే. దీపావళి వెళ్లిన నాలుగో రోజు నాగులచవితి. ఉపవాసం ఉండి, చలిమిడి, చిమ్మిలి పట్టుకుని తోటల్లో పుట్టలు వెతుక్కుంటూ వెళ్లి పాలు పోసి దండం పెడతాం. పాములకు పాలు తాగే అలవాటు లేదని తెలిసినా పోస్తాం, అది మన మొక్కు. మర్నాడు అదే పాము కొలనులో తల ఎత్తితే కర్ర. ప్రభుత్వాలదీ అదే తీరు. 2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగితే, ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. యాగాన్ని నేను తప్పుపట్టను, భయపడ్డ జనానికి ఓదార్పు కావాలి. పొలంలో దిగే కూలీకి మోకాలి దాకా బూట్లు కూడా కావాలి.

చివరిగా గుడ్ల సంగతి. నీరుకట్టె చలికాలం నుంచి ఎండాకాలం మొదట్లోపు గట్టు కన్నాల్లో పదులకొద్దీ గుడ్లు పెడుతుంది. కొన్ని వారాల తర్వాత ఒకే ఉదయం కొలను నిండా వేలెడంత పిల్లలు కనిపిస్తాయి. ‘ఓలమ్మో, కొలనంతా పాములే’ అని ఇల్లు ఖాళీ చేసేంత గాభరా పడిపోతారు. కిరసనాయిలు పోసేవాళ్లూ ఉన్నారు. పోయొద్దు. వాటికి విషం లేదు, అవి తినేది తోకకప్పల్నీ చిన్న చేపల్నీ. కొలను చుట్టూ కొంగలు, లకుముకి పిట్టలు, ముంగిసలు, ఇంటి కోళ్లు ఉంటాయి కదా. కోడి వాటిని వానపాములే కదా అన్నట్టు ఏరుకుని తింటుంది. కొన్నాళ్లు కోళ్లను ఆ వైపు వదిలేయండి.